తొమ్మిదో నెలలో బిడ్డ తల ఎటువైపు ఉంది?

చెకప్‌కు వచ్చిన గర్భిణి వెంట ఉండే తల్లిగానీ అత్తగారుగానీ మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే. బిడ్డ బరువు ఎంత ఉంది? ఉమ్మనీరు సరిపోయిందా? కాన్పు మామూలుగా అవుతుందా? ఈ మూడో ప్రశ్నకు జవాబు చాలావరకు ఇంకొక ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. ఆ ప్రశ్న అడిగేవారు మాత్రం తక్కువ. బిడ్డ తల ఎటువైపు ఉంది?

నెలలు నిండేసరికి నూటికి 96 మంది దాకా బిడ్డలు తల కిందికి, పిరుదులు పైకి ఉండేలా సర్దుకుంటారు. మిగిలిన ముగ్గురు నలుగురిలో ఎక్కువమందికి పిరుదులో, కాళ్ళో కిందికి ఉండి తల పైన, తల్లి పక్కటెముకల దగ్గర ఉంటుంది. దీనిని మన ఇళ్ళలో ఎదురుకాళ్ళ బిడ్డ అంటారు. ఆసుపత్రి కాగితాలలో బ్రీచ్ అని రాస్తారు. "బిడ్డ అడ్డం తిరిగింది" అనే మాటను మనవాళ్ళు అన్నిటికీ కలిపి వాడేస్తుంటారు గాని ఎదురుకాళ్ళు వేరు, అడ్డం వేరు. బిడ్డ నిజంగా అడ్డంగా పడుకుని ఉంటే, అంటే తల తల్లికి ఒక పక్కన, పిరుదులు రెండో పక్కన ఉంటే, నొప్పులు మొదలైన తర్వాత మామూలు కాన్పు జరిగే వీలే లేదు. కాబట్టి డాక్టరుగారు ఏ మాట చెప్పారో సరిగ్గా విని, ఆ మాటనే ఇంట్లో చెప్పండి.

ఏ నెలలో చూసినది లెక్క?

ఏడో నెల స్కానింగ్‌లో బ్రీచ్ అని రాసి ఉంటే ఇంటిల్లిపాదీ భయపడిపోతారు. ఆ నెలలో భయపడవలసిన పని లేదు. 28 వారాల దగ్గర నూటికి 20 మందికి పైగా బిడ్డలు తల పైకే ఉంటారు. అప్పటికి బిడ్డ చిన్నది, చుట్టూ ఉమ్మనీరు కావలసినంత ఉంటుంది, చెరువులో చేపలా ఎటంటే అటు తిరుగుతుంది. వారాలు గడిచేకొద్దీ చోటు తగ్గుతుంది. తల బరువైన భాగం గనుక, గర్భసంచి ఆకారం కింది భాగంలో తలకు సరిపోయేలా ఉంటుంది గనుక ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళే తల కిందికి దించుకుంటారు.

లెక్కలోకి తీసుకోవలసినది 36వ వారం. అంటే ఎనిమిది నెలలు నిండి తొమ్మిదో నెల మొదలైన రోజులు. మొదటి కాన్పు అయితే ఆ తర్వాత బిడ్డ తనంతట తాను తిరిగే అవకాశం నూటికి ఎనిమిది దాకా మాత్రమే. రెండో, మూడో కాన్పువారికి పొట్ట కండరాలు వదులుగా ఉంటాయి గనుక కొంచెం ఎక్కువ అవకాశం ఉంటుంది. అందువల్ల ఏడో నెలలో తల పైకి ఉందన్నారని కంగారు పడకూడదు. ఏడో నెలలో తల కిందికే ఉందన్నారని తొమ్మిదో నెలలో చూపించుకోవడం మానకూడదు. ఈ రెండో పొరపాటే మేము ఎక్కువగా చూస్తుంటాము.

ఎదురుకాళ్ళలో మూడు రకాలు

పేరు ఎదురుకాళ్ళు అయినా అందరు బిడ్డలకూ కాళ్ళు కిందికి ఉండవు. నెలలు నిండిన బ్రీచ్ బిడ్డలలో ఎక్కువమంది పిరుదులు కిందికి పెట్టి, రెండు కాళ్ళూ నిటారుగా పైకి చాపి, పాదాలు తన ముఖం దగ్గరే పెట్టుకుని ఉంటారు. రెండో రకంలో బిడ్డ బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్లు ఉంటుంది. మూడో రకంలో ఒక కాలుగానీ రెండు కాళ్ళుగానీ పిరుదుల కంటే కిందికి జారి ఉంటాయి. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లో కనిపించే గుర్తులు రకాన్ని బట్టి మారుతాయి. ప్రమాదం కూడా మారుతుంది.

తల్లికి తెలిసే గుర్తులు

చివరి నెలల్లో తల్లి చెప్పే మాటలు శ్రద్ధగా వినే ఇంట్లో సగం పని జరిగినట్లే. "గ్యాసులే, వాము నీళ్ళు తాగు" అని కొట్టిపారేయకుండా ఏ చోట, ఎప్పుడు, ఎలా ఉందో అడగండి.

మొదటి గుర్తు పక్కటెముకల కింద తగిలే గట్టి గుండ్రటి ముద్ద. కుడివైపో ఎడమవైపో, రొమ్ము ఎముక కిందనో తల్లికి ఏదో అడ్డుపడినట్లు ఉంటుంది. అన్నం తినడానికి నేల మీద కూర్చున్నా, ముందుకు వంగినా అక్కడ నొక్కుకుపోతుంది. ఊపిరి ఆడనట్లు, తిన్నది పైకి వచ్చినట్లు ఉంటుంది. అది తల కావచ్చు. అయితే తల కిందికి ఉన్న బిడ్డకు కూడా పైన పిరుదులు ముద్దగా తగులుతాయి గదా? నిజమే. తేడా ఏమిటంటే తల కొబ్బరికాయలా గట్టిగా, గుండ్రంగా ఉండి, మెడ మీద ఆనుకుని ఉంటుంది గనుక ఒంటితో పనిలేకుండా తానొక్కటే అటూ ఇటూ కదులుతుంది. పిరుదులు కొంచెం మెత్తగా, ఆకారం సరిగ్గా తెలియకుండా ఉంటాయి. అవి కదిలితే బిడ్డ ఒళ్ళంతా కదులుతుంది. ఈ తేడాను పట్టుకోవడానికి చేతికి అలవాటు కావాలి. ఇంట్లో పొట్టను వేళ్ళతో గుచ్చి చూడవద్దు.

రెండో గుర్తు బిడ్డ తన్నే చోటు. తల కిందికి ఉన్న బిడ్డ గట్టి తన్నులు బొడ్డు పైన, పక్కటెముకల వైపు తగులుతాయి. కింద చేతులు కదిలించినప్పుడు గిలిగింతల వంటి చిన్న కదలికలు మాత్రమే ఉంటాయి. గట్టి తన్నులే పొత్తికడుపులో, మూత్రసంచి మీద, మలద్వారం వైపు తగులుతూ ఉంటే, "కూర్చున్నదాన్ని ఉలిక్కిపడి లేచానండి" అని తల్లి చెబుతుంటే, కాళ్ళు కింద ఉన్నాయేమోనని అనుమానించాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పైన చెప్పిన మొదటి రకం బిడ్డకు పాదాలు ముఖం దగ్గరే ఉంటాయి. ఆ బిడ్డ తన్నులు పైనే తగులుతాయి. లేదా కాళ్ళు చాపి ఉండడం వల్ల పెద్ద తన్నులే తెలియవు. కాబట్టి "తన్నులు పైనే ఉన్నాయి, ఫరవాలేదు" అని తేల్చుకోకూడదు.

మూడోది ఎక్కిళ్ళు. చివరి నెలల్లో బిడ్డకు ఎక్కిళ్ళు వస్తాయి. పొట్టలో ఒకే చోట గడియారం కొట్టినట్లు టక్ టక్ మని కొన్ని నిమిషాలు తెలుస్తాయి. ఎక్కిళ్ళు రావడం జబ్బు కాదు. అవి ఎప్పుడూ బొడ్డుకు పైనే తెలుస్తుంటే ఆ మాట సిస్టరుకు చెప్పండి. ఇలాగే బిడ్డ గుండె చప్పుడు కూడా. తల కిందికి ఉంటే చప్పుడు సాధారణంగా బొడ్డుకు దిగువన బాగా వినిపిస్తుంది, బ్రీచ్ అయితే బొడ్డు దగ్గరగానీ దాని పైనగానీ వినిపిస్తుంది. చెకప్‌లో యంత్రం ఎక్కడ ఆనించి విన్నారో గమనించండి.

మొదటి కాన్పువారికి చివరి వారాలలో పొట్ట కిందికి జారి, ఊపిరి తేలికగా ఆడుతుంది. పెద్దవాళ్ళు దీనిని చూసి రోజులు దగ్గరపడ్డాయని చెబుతారు. బ్రీచ్ ఉన్నప్పుడు ఇలా జారకపోవచ్చు. రెండో కాన్పు నుంచి తల కిందికి ఉన్నా నొప్పులు వచ్చేదాకా జారకపోవచ్చు గనుక ఈ గుర్తు వారికి పనికిరాదు.

ఈ గుర్తులన్నీ అనుమానించడానికే గాని తేల్చడానికి కాదు. మాయ గర్భసంచి ముందువైపు అతుక్కుని ఉంటే తన్నులు పరుపు మీద తగిలినట్లు మెత్తగా ఉంటాయి. పొట్ట మీద కొవ్వు ఎక్కువ ఉన్నా, ఉమ్మనీరు ఎక్కువ ఉన్నా ఏదీ సరిగ్గా తెలియదు. ఏ గుర్తూ లేకుండానే బ్రీచ్ ఉండవచ్చు. తల కిందికి ఉన్న బిడ్డ కూడా పక్కటెముకల కింద నొప్పి పుట్టించవచ్చు. ఇంకొక మాట. తన్నులు ఎక్కడ తగిలినా సరే, మామూలు కంటే తగ్గిపోతే తర్వాతి చెకప్ దాకా ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి రండి.

చేయి చెప్పేది, స్కానింగ్ చెప్పేది

చెకప్‌లో మేము తల్లిని మూత్రానికి వెళ్ళి రమ్మని, మోకాళ్ళు కొంచెం మడిచి వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులతో పొట్ట తడిమి చూస్తాము. ముందు పైభాగం, తర్వాత రెండు పక్కలు, తర్వాత పొత్తికడుపు. పైన ఉన్నది తలా పిరుదులా, వీపు ఏ పక్క ఉంది, కింద ఏమి ఉంది, అది కటిలోకి దిగిందా అని నాలుగు విధాలుగా చూసే ఈ పద్ధతి జర్మనీకి చెందిన లియోపోల్డ్ అనే వైద్యుని పేరుతో నేటికీ ప్రతి నర్సింగ్ స్కూలులో నేర్పుతారు. రెండు మూడు నిమిషాల పని, ఖర్చు లేదు. 36 వారాల తర్వాత ప్రతి చెకప్‌లోనూ ఇది జరగాలి. ఎవరైనా బి.పి., బరువు మాత్రమే చూసి పంపిస్తే "బిడ్డ తల ఎటు ఉందో ఒకసారి చూస్తారా అండీ" అని మర్యాదగా అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడకూడదు.

చేతికి అనుమానం వస్తే స్కానింగ్ తేలుస్తుంది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది గనుక చదువుకున్న పిల్లల చేత ఈ మాటలు వెతికించండి. సెఫాలిక్ అనిగానీ వెర్టెక్స్ అనిగానీ ఉంటే తల కిందికి ఉంది. బ్రీచ్ అంటే ఎదురుకాళ్ళు. ట్రాన్స్‌వర్స్ అంటే అడ్డం, ఆబ్లిక్ అంటే ఏటవాలు. అన్‌స్టేబుల్ అంటే ఇంకా కుదురుకోలేదని అర్థం. ప్లాసెంటా ఆంటీరియర్ అని ఉంటే మాయ ముందువైపు ఉందని అర్థం. అది జబ్బు కాదు, ఆడపిల్లో మగపిల్లవాడో చెప్పే గుర్తు అసలే కాదు. ప్లాసెంటా లో లయింగ్ అని ఉంటే మాత్రం మాయ కిందికి ఉందని, అది డాక్టరుగారికి తప్పక చూపించాలి. స్కానింగ్ గదిలో బిడ్డ ఆడా మగా అని అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పడం నేరం, చెప్పమని అడగడమూ నేరమే. తల ఎటు ఉందని అడగండి. దానికి ఏ అడ్డూ లేదు.

డబ్బు ఖర్చుకు వెనుకాడే కుటుంబాలు ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా జరిగే డాక్టరు పరీక్షకు వెళ్ళవచ్చు. 2016 నుంచి ఈ కార్యక్రమం నడుస్తోంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది.

పుట్టింటికి వచ్చేటప్పుడు జారిపోయే కాగితం

మనలో మొదటి కాన్పుకు అమ్మాయిని ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకువస్తారు. చీర, సారె, పసుపు కుంకుమ అన్నీ వస్తాయి. స్కానింగ్ రిపోర్టులున్న కవరు మాత్రం అత్తవారింట బీరువాలో ఉండిపోతుంది. అంతవరకు చూసిన డాక్టరు ఒక ఊరిలో, కాన్పు చేయవలసిన డాక్టరు ఇంకొక ఊరిలో. బిడ్డ ఎటు ఉందో తేల్చవలసిన సరిగ్గా ఆ వారాలలోనే ఇద్దరిలో ఎవరూ చూడని ఖాళీ ఏర్పడుతుంది.

నది అవతలి లంక గ్రామం నుంచి వచ్చిన ఒక తల్లి సంగతి చెబుతాను. రెండో కాన్పు. మొదటిది ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. ఏడో నెలలో తీసిన స్కానింగ్‌లో బ్రీచ్ అని ఉంది. "ఇంకా టైముంది, తిరుగుతుందిలే" అన్నారు. ఆ మాట ఆ నెలకు తప్పు కాదు. కాని తిరిగిందా లేదా అని మళ్ళీ ఎవరూ చూపించలేదు. పుట్టింటికి వచ్చాక వానలు, రేవు దాటడం కష్టమని చెకప్‌కు రాలేదు. నెలలు నిండాక ఒక రాత్రి ఉమ్మనీరు పోయింది, నొప్పులు లేవు. నొప్పులు రాలేదు గదా, తెల్లవారాక పోదాం అనుకున్నారు. తెల్లవారుజామున బొడ్డుతాడు బయటికి జారింది. మా వార్డుకు చేరేసరికి ఆ తాడులో కొట్టుకోవడం ఆగిపోయింది. తల్లి క్షేమంగా ఇంటికి వెళ్ళింది. వాళ్ళ అమ్మగారు వెళ్ళేటప్పుడు నన్ను అడిగిన మాట ఒకటే, "ముందే తెలిస్తే బతికేదా సిస్టరుగారూ?" తెలిసి, ముందే వచ్చి ఉంటే బతికే అవకాశం చాలా ఎక్కువ.

అందుకే అమ్మాయి పుట్టింటికి బయలుదేరే రోజు రిపోర్టుల కవరు, తల్లీబిడ్డల కార్డు చేతి సంచిలో పెట్టండి. వచ్చిన వారం లోపల ఇక్కడి ఆసుపత్రిలో పేరు రాయించి పొట్ట చూపించండి. అల్లుడుగారు ఉద్యోగం మీద దూరంలో ఉంటే రిపోర్టులు ఫోటో తీసి ఫోనులో పంపించమనండి.

ప్రమాదం ఎక్కడ ఉంది?

బిడ్డ ఒంటిలో అన్నిటికంటే పెద్దది, గట్టిది తల. తల ముందు వస్తే అదే కొన్ని గంటలపాటు మెల్లగా దారి చేసుకుంటుంది, కొంచెం ఆకారం కూడా సర్దుకుంటుంది. తల వచ్చిందంటే మిగిలిన ఒళ్ళు సులువుగా వస్తుంది. ఎదురుకాళ్ళలో ఇది తలకిందులు. చిన్న భాగాలు ముందు వచ్చేస్తాయి, గర్భసంచి ద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ఒళ్ళు జారి తల లోపల చిక్కుకోవచ్చు. ఆ సమయంలో బొడ్డుతాడు నొక్కుకుపోతుంది. చేతులో ఉన్నవి నిమిషాలే.

రెండో ప్రమాదం పైన చెప్పిన తల్లికి జరిగినది. తల కింద ఉంటే సీసాకు బిరడాలా దారి మూసి ఉంచుతుంది. పాదాలు ఉంటే సందు మిగులుతుంది. నీరు పోయినప్పుడు ఆ సందులోంచి తాడు జారుతుంది. కాళ్ళు కిందికి జారిన రకంలో ఇలా జరిగే అవకాశం నూటికి 15 దాకా ఉంటుంది. కాళ్ళు పైకి చాపిన రకంలో తల కింద ఉన్న బిడ్డలకంటే పెద్దగా ఎక్కువ కాదు.

డాక్టరుగారు ఏమి చేస్తారు?

36, 37 వారాలలో బ్రీచ్ అని తేలితే మూడు దారులు ఉన్నాయి. ఒకటి పొట్ట మీద చేతులతో బిడ్డను మెల్లగా తిప్పడం. ఇది అన్ని ఆసుపత్రులలో చేయరు. చేసేచోట ముందు స్కానింగ్ తీసి, బిడ్డ గుండె చప్పుడు చూసి, గర్భసంచి వదులయ్యేందుకు ఇంజెక్షన్ ఇచ్చి, ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా పెట్టుకుని చేస్తారు. ఇంచుమించు సగంమందిలో బిడ్డ తిరుగుతుంది. తిప్పిన వెంటనే ఆపరేషన్ చేయవలసి రావడం 200 మందిలో ఒకరికి. కవలలు ఉన్నా, మాయ కిందికి ఉన్నా, ఈమధ్య రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా చేయరు. తల్లి రక్తం నెగెటివ్ గ్రూపు అయితే ఆంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు.

రెండోది ముందుగా తేదీ పెట్టి పెద్ద ఆపరేషన్ చేయడం. సాధారణంగా 39వ వారంలో చేస్తారు. "డబ్బు కోసం కోస్తున్నారు" అని అనుమానించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. 26 దేశాలలో రెండు వేలకు పైగా తల్లులతో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. అనుకున్న ప్రకారం ఆపరేషన్ చేసినవారిలో బిడ్డకు ప్రాణనష్టంగానీ పుట్టిన వెంటనే తీవ్రమైన హానిగానీ నూటికి 1.6 మందికి కలిగింది. మామూలు కాన్పుకు ప్రయత్నించినవారిలో నూటికి ఐదుగురికి కలిగింది. ఆ తర్వాత అనేక దేశాలలో బ్రీచ్‌కు ఆపరేషనే ఎక్కువయింది. అదే పరిశోధనలోని పిల్లలను కొన్ని దేశాలలో రెండేళ్ళ వయసులో మళ్ళీ చూసినప్పుడు రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదని 2004లో తెలిపారు. అందుకే మూడో దారి, అంటే జాగ్రత్తగా ఎంపిక చేసిన తల్లులకు మామూలు కాన్పు, పూర్తిగా మూసుకుపోలేదు. కాని దానికి చేయి తిరిగిన డాక్టరు, రాత్రయినా పగలయినా సిద్ధంగా ఉండే థియేటర్, బిడ్డల డాక్టరు కావాలి. ఆపరేషన్‌కు కూడా తన నష్టాలు ఉన్నాయి. తర్వాతి కాన్పులో కుట్టు ఉన్న గర్భసంచిని జాగ్రత్తగా చూసుకోవాలి. మీ అమ్మాయికి ఏది తగినదో డాక్టరుగారిని కూర్చుని అడగండి.

ఎవరి తప్పూ కాదు

గ్రహణం నాడు బయటికి వచ్చిందని, చేతులు పైకెత్తి బట్టలు ఆరేసిందని, గడప మీద కూర్చుందని బిడ్డ ఎదురు తిరగదు. పక్క మారేటప్పుడు లేచి కూర్చోకుండా దొర్లిందని తాడు మెడకు చుట్టుకోదు. చాలామందిలో కారణమే కనిపించదు. నెలలు నిండకపోవడం, కవలలు, ఉమ్మనీరు మరీ ఎక్కువ లేక తక్కువ కావడం, మాయ కిందికి ఉండడం, గర్భసంచిలో గడ్డ లేదా ఆకారంలో తేడా, వెనుకటి కాన్పులో కూడా బ్రీచ్ కావడం వంటివి కొందరిలో ఉంటాయి. వీటిలో కోడలు చేసుకున్నది ఏదీ లేదు.

నూనె రాసి పొట్ట నలిపి బిడ్డను తిప్పే మంత్రసానుల దగ్గరికి తీసుకువెళ్ళకండి. మాయ ఊడిపోవచ్చు, గర్భసంచి చిట్లవచ్చు, లోపల రక్తం పోతున్నా బయటికి తెలియకపోవచ్చు. ఆసుపత్రిలో చేసేదీ చేతితోనే గదా అంటారు. పక్కన స్కానింగ్ యంత్రం, థియేటర్ ఉన్న చేయి వేరు. మోకాళ్ళ మీద వంగి, తల కిందికి పెట్టి కాసేపు ఉండే వ్యాయామం చెప్పేవారున్నారు. దానివల్ల బిడ్డ తిరుగుతుందని పరిశోధనలలో గట్టిగా తేలలేదు. డాక్టరుగారు సరేనంటే చేసుకోవచ్చు, దానిని నమ్ముకుని చెకప్ మానకండి.

నీరు పోతే, నొప్పులు వస్తే

బ్రీచ్ అని తెలిసిన ఇంట్లో తొమ్మిదో నెల వచ్చేసరికి ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, ఎంత దూరం, రాత్రి బండి ఎవరిది, రక్తం ఎవరు ఇస్తారు అన్నవి తేలిపోయి ఉండాలి. ఆపరేషన్ సౌకర్యం లేనిచోటికి వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ పంపించుకునే సమయం మీకు ఉండదు. వరద రోజులలో లంకలవారు, కొండ మీది గూడేలవారు తేదీకి రెండు వారాల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి వచ్చి బంధువుల ఇంట్లో ఉండడం మంచిది.

ఉమ్మనీరు పోయినా, నొప్పులు మొదలైనా, రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. నొప్పులు లేకపోయినా సరే బయలుదేరాలి. 108కి ఫోను చేసి "ఎదురుకాళ్ళ బిడ్డ, నీరు పోయింది" అని స్పష్టంగా చెప్పండి. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక తినడానికి ఏమీ పెట్టకండి. నీటితో నల్లగా, ఆకుపచ్చగా మలం కనిపిస్తే ఆ సంగతి కూడా చెప్పండి.

తాడు బయటికి కనిపిస్తే దానిని లోపలికి తోయవద్దు, పదే పదే ముట్టుకోవద్దు. తల్లిని మోకాళ్ళు, మోచేతుల మీద వంగబెట్టి, తల దిగువన, పిరుదులు ఎత్తున ఉండేలా ఉంచండి. బండిలో అలా ఉండడం కష్టం గనుక ఎడమ పక్కకు పడుకోబెట్టి నడుము కింద రెండు దిండ్లు పెట్టండి. దారిలోనే బిడ్డ పిరుదులో కాళ్ళో బయటికి వస్తుంటే ఎంత ఆత్రంగా ఉన్నా పట్టి లాగకండి. లాగితే బిడ్డ చేతులు తల పక్కకు లేచిపోతాయి, గడ్డం పైకి లేచి తల చిక్కుకుంటుంది. బిడ్డ ఒళ్ళు కిందికి జారి పడకుండా పొడి గుడ్డ పట్టుకుని, తల్లి ముక్కుతుండగా దానంతట అది రానివ్వండి. 108 సిబ్బంది ఫోనులో చెప్పేది వింటూ ఉండండి.

పుట్టిన తర్వాత

కాళ్ళు చాపి ఉన్న బిడ్డ పుట్టిన తర్వాత కొన్ని రోజులు కాళ్ళు పైకే పెట్టుకుంటుంది. అది చూసి భయపడనక్కరలేదు, మెల్లగా సర్దుకుంటుంది. కాళ్ళు తిన్నగా రావాలని గుడ్డతో బిగించి చుట్టడం, స్నానం చేయించేటప్పుడు పట్టి సాగదీయడం చేయవద్దు. బ్రీచ్ బిడ్డలకు, అందులోనూ ఆడపిల్లలకు, తుంటి కీలు సరిగ్గా కుదురుకోకపోయే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ ద్వారా పుట్టినా, చివరి వారాలలో తల కిందికి తిప్పినా ఈ పరీక్ష చేయించాలి. పుట్టినప్పుడు డాక్టరుగారు తుంటిని కదిలించి చూస్తారు. ఆరు వారాల వయసులో తుంటికి స్కానింగ్ తీయించాలి. అప్పుడే కనిపెడితే పట్టీతోనే కుదురుతుంది. నడక వచ్చాక కుంటడం చూసి తీసుకువస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు. ఎదురుకాళ్ళవాళ్ళు నడుము తొక్కితే నొప్పి పోతుందని ఈ బిడ్డ పెద్దయ్యాక ఊళ్ళో వాళ్ళు పిలుస్తారేమో గాని, ముందు ఈ బిడ్డ తుంటి సంగతి చూడండి. ఆరో వారం టీకాలకు వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం తీసుకురండి. దాని మీద బ్రీచ్ అని రాసి ఉందో లేదో ఇంటికి బయలుదేరే ముందే చూసుకోండి.